నార తీయు ధర్మము

మనుష్యుడు బ్రదుకుటకై ఇతరప్రాణులనుండి కొంత గైకొనక తప్పదు. ఇది యందరును ఒప్పుకొన్న మాట. ఎంత గైకొనవచ్చును? ఎట్లు గైకొనవలెను? గైకొన్నపిమ్మట ఇచ్చినదానియెడ మనకు గల బాధ్యత యెట్టిది? ఈ మూడు ప్రశ్నలకును మన ధర్మశాస్త్రములందును పాశ్చాత్యుల నీతిగ్రంథములందును సమాధానములు పెక్కు గలవు. మేమును ఇరువదియేండ్లుగా సంస్కృతమును ఇంగ్లీషును బాలురకు చెప్పుచు ఆ సమాధానములను వల్లించినవారమే. కాని మా బడి యావరణములోని గంగరావి చెట్టొకటి మమ్ము నిలదీయువరకును ఆ ప్రశ్నలు మమ్ము గూర్చినవని మాకు తోపలేదు. ఆ కథను ముందు చెప్పి, దానినుండి పుట్టిన విచారమును తరువాత చదువరుల యెదుట నుంచెదము. కథలో తప్పు మాదే గనుక దాచుటకేమియు లేదు.

మేముండునది పలనాటిలోని దాచేపల్లి. నాగులేటి దరిని ప్రత్తిచేలును మిరపచేలును కనుచూపుమేర పరచుకొనియుండును. నేలలోపల సున్నపురాయి, గట్లవెంట అక్కడక్కడ తుమ్మ, వేప, జిల్లేడు. పడమట మాచర్ల దాటినగాని అడవి యనదగినది కానరాదు. ఇట్టి యూరిలో బడి ముంగిట నీడనిచ్చు చెట్టొకటి యున్నచో నది యెంతటి సంపదయో వేసవిని ఇచ్చట గడపినవారికే తెలియును. మా గంగరావి ఇంకను లేతది. కాండము తొడలావు మాత్రమే యుండెను. అయినను మధ్యాహ్నవేళ ఒక తరగతి బాలురు దాని క్రింద కూర్చుండి అన్నము తినగలిగెడివారు.

ఒక సంవత్సరము కార్తికమాసమున బాలురు బడి వార్షికోత్సవమునకై రాముడు వనవాసమునకు పోవు ఘట్టమును ఆడదలచిరి. బజారునుండి తళుకుకాగితము చుట్టిన విండ్లను కొనితెచ్చెదమని వారనగా మేము కూడదంటిమి. విల్లనగా నెట్టిదో, దానికి వెన్నేదో, కడుపేదో తెలియకయే రామాయణము చదువుట యేమి చదువని మందలించి, వెదురుబద్దతో నిజమైన విల్లు చేయుడని చెప్పితిమి. వారు చేసిరి. మొదటి విల్లు వంచినంతనే వెన్నున పేడు లేచెను. అంతట మేము మా పాండిత్యమును బయటపెట్టితిమి. విల్లు వంగునపుడు విలుకానివైపునున్న కడుపు నొక్కుకొనును. అవతలివైపునున్న వెన్ను సాగును. చీలిక సామాన్యముగా సాగు ముఖముననే పుట్టును. కావున పెక్కు దేశములవారు ఆ వెన్నుమీద చెట్టుపట్టనో జంతువుల నరములనో అంటించి కట్టుదురు అని నల్లబల్లమీద బొమ్మ గీచి బోధించితిమి. ఆ పట్టను ఏ చెట్టునుండి తేవలెనో, ఎంత తీయవలెనో, ఎట్లు తీయవలెనో మేము చెప్పలేదు. అది మాకును తెలియదు. తెలియదను సంగతి యైనను అపుడు మాకు తోపలేదు.

గంగరావి నార గట్టిదని బాలురకు ఇండ్లలో పెద్దలు చెప్పియుండిరి. మరునాటి యుదయము మేము బడికి వచ్చునప్పటికి చెట్టు మోకాలెత్తునుండి తలయెత్తువరకు చుట్టును వలువబడియుండెను. పట్ట పోయిన మ్రాను తెల్లగా, తడిగా మెరయుచుండెను. చూచి కొంత కలతపడిన మాట నిజమే. కాని పైన ఆకులన్నియు పచ్చగనే యున్నవి. చర్మము మరల వచ్చునులే యని మేమే వారికి ధైర్యము చెప్పితిమి. నాటకము చక్కగా జరిగెను. విండ్లు విరుగలేదు. తల్లిదండ్రులు బాలుర నేర్పును, మా బోధనాపద్ధతిని మెచ్చుకొనిరి.

మాఘమున మిరపకోతలకు ఎచ్చటెచ్చటినుండియో కూలివారు పలనాటికి వత్తురు. ఆ యేడు నల్లమల యంచునుండి వచ్చిన చెంచుకుటుంబములు కొన్ని మా బడికి చేరువనే గుడిసెలు వేసికొనెను. వారిలో నొక వృద్ధుడు సెలవునాడు గంగరావి క్రిందికి వచ్చి కూర్చుండెను. కొంతసేపు కాండమును చూచి, లేచి, గాయము చుట్టును చేయి త్రిప్పి, మావైపు తిరిగి, "ఎవరు వలిచారు సామీ?" అని యడిగెను.

"పిల్లలు తాతా. విల్లు వెన్నుకు కట్టడానికి వలిచారు. పట్ట మళ్ళీ వస్తుంది గదా?" అంటిమి.

"రాదు సామీ. ఇది సచ్చిపోయింది. దానికింకా తెలవదు."

తలయెత్తి చూచితిమి. ఆకు పచ్చగనే యున్నది. నమ్మలేకపోతిమి. మరి నార యెట్లు తీయవలెనని యడుగగా నతడు తన అరచేతిని మ్రానుమీద పెట్టి చూపుచు, "ఒక పక్కన ఇంత తియ్యాల. చుట్టూ కలపగూడదు. లేత చెట్టును ముట్టగూడదు. మళ్ళా యేడు ఇంకో చెట్టు చూసుకోవాల" అనెను. అట్లెందుకు, పాపమనియా యని మేమడిగితిమి. అతడు మా ప్రశ్నకు కొంచెము వింతపడినట్లు కనబడెను. "మళ్ళీ ఆడికే వస్తాం గదా సామీ" అనెను.

అంతలో నొక బాలుడు పగిలిన వింటిని తెచ్చి చూపగా, వృద్ధుడు బాటప్రక్క మర్రిచెట్టుకడకు పోయి, వ్రేలాడు ఊడలలో నొకదానిని కోసి, దాని నారను తడిపి, చీలిక లేచినచోట బిగియ జుట్టి, ఎండలో పెట్టుమనెను. ఆరినకొలది నార మరింత బిగిసినది. ఊడనే యేల కోసితివని యడుగవలసినపని లేకపోయెను. ఆ చెట్టునకు ఊడలు నూరున్నవి.

చైత్రమున గంగరావి పైకొమ్మలు వాడెను. జ్యేష్ఠము వచ్చునప్పటికి చెట్టంతయు ఎండి నిలిచెను.

వృద్ధుని మాటలోని శాస్త్రము మాకు తరువాత తెలిసెను. వేళ్ళు పీల్చిన నీరు కొయ్యలోపలి మార్గమున పైకి పోవును. ఆకులు ఎండవెలుగుతో వండిన ఆహారము పట్టలోపలి నారమార్గమున క్రిందికి దిగి వేళ్ళకు చేరును. 17వ శతాబ్దమున ఇటలీదేశపు మాల్పీఘీ యను పండితుడు కాండముచుట్టును పట్టను వలయముగా తీసి, వలయమునకు పైభాగము ఉబ్బుటను గమనించి వ్రాసియుంచెను. క్రిందికి పోవలసిన పోషణ అచ్చటనే నిలిచిపోయినదన్నమాట. ప్రక్కగా నొక పట్టె తీసినయెడల మిగిలిన మార్గమున ఆహారము దిగును. చెట్టు గాయమును అంచులనుండి క్రమముగా పూడ్చుకొనును. చుట్టును కలిపితిమా, వేళ్ళు పస్తుండును. నీరు మాత్రము కొన్నాళ్ళు పైకి పోవుచునే యుండుటచేత ఆకులు పచ్చగ నుండును. తనకు అన్నము పెట్టు క్రిందివారు మాడుచుండగా పైవారు పచ్చగ నుండు ఆ నెలలనే చెంచువృద్ధుడు "దానికింకా తెలవదు" అనెను. ఆ మాటను మేము చెట్టును గూర్చి మాత్రమే తలంపలేకపోవుచున్నాము.

విల్లునకును చెట్టుపట్టకును గల చుట్టరికము మిక్కిలి ప్రాచీనము. మన భాషలో వింటిత్రాటికి నారి యని పేరు; ఆ మాటలో నార వినబడుచునే యున్నది. సంస్కృతమున మౌర్వి యందురు. మూర్వ యను మొక్కనారతో చేయుదురు గనుక నాపేరు. ఉపనయనమున క్షత్రియవటువునకు మూర్వతో పేనిన వింటినారినే మేఖలగా మనుస్మృతి విధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆయుధాగారమును గూర్చిన ప్రకరణమున తాడి, వెదురు, కొయ్య, కొమ్ము అను నాలుగుతెరగుల విండ్లను పేర్కొని, నారులకు మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు మొదలగువానిని లెక్కించినది. మన గట్లవెంట నెవరును నాటకయే మొలచు జిల్లేడు ఒకప్పుడు రాజుల ఆయుధశాలలో లెక్కకెక్కిన వస్తువు! సంస్కృతవైద్యులు ధన్వనమని పిలుచు వృక్షమును మన అడవులవారు తడ యనియు చరచి యనియు నందురు. దాని కొయ్య విరుగక వంగునది గనుక కావడిబద్దలకును గొడ్డలికామలకును వాడుదురు. లోపలిపట్టనుండి త్రాళ్ళకు నార తీయుదురు. ఆ చెట్టు సంస్కృతనామములోనే ధనువు కలదు. ఇక ఏపిచెట్టు నారకు ప్రసిద్ధి గాంచుటచే దానికి నారయేపి యనియే పేరు నిలిచినది.

కారెంపూడి వీరులగుడిలో పలనాటివీరుల కొణతములను నేటికిని పూజింతురు. ఇనుము మిగిలినది గనుక పూజకు నోచినది. కొయ్యయు నారయు మన్నులో కలిసినవి గనుక, వానిని తీయ నేర్చినవారి విద్యయు మన చరిత్రపుటలలో కానరాదు.

వెన్నునకు పట్ట వేయు విద్య చలిదేశములలో చక్కగా నిలిచినది. లోపలిపట్ట గట్టి పేళ్ళు గలదైనచో సాగు భారమును తానును మోసి చీలికను లేవనీయదు. పైపట్ట నున్ననిదై నీరు చొరనిదైనచో వింటిని తేమనుండి కాచును. సైబీరియా వేటగాండ్రును కొరియా దేశపు విండ్లు చేయువారును భూర్జపట్టను వెన్నుమీద కప్పుట ఈ రెండవ ప్రయోజనమునకే. జిగురుతో నంటించిన నరములు తేమ తగిలిన సడలిపోవును గదా. మన కాశ్మీరపండితులు గ్రంథములు వ్రాసికొన్నదియు భూర్జపట్టమీదనే. ఒకే జాతి చెట్టుయొక్క చర్మము ఒకచోట విద్యను, వేరొకచోట వేటను మోసినది.

ఆ దేశములలోని తీయు పద్ధతులు గమనింపదగినవి. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున జూనిపరు చెట్లను పరిశీలించి ఫిలిప్ విల్కీ యను పండితుడు 1988లో నొక వ్యాసము ప్రకటించెను. అచ్చటి ఆదివాసులు బ్రతికియున్న చెట్టు కాండముపైనే పైనను క్రిందను గాట్లు పెట్టి, వింటికి వలయు బద్దను చెట్టుమీదనే ఆరనిచ్చి, తరువాత చీల్చి తీసికొనుచుండిరట. చెట్టు చావలేదు. గాయము పూడి, కొయ్య తిన్నగా పెరిగినపిమ్మట అదే చెట్టునుండి మరల బద్దలు తీసిన గురుతులును కలవట. కెనడా పడమటితీరమున దేవదారువంటి ఎర్రసీడరు చెట్లనుండి బుట్టలకును బట్టలకును త్రాళ్ళకును పట్ట తీయువారు మొదట నొకప్రక్క గాటు పెట్టి పట్టెగా పైకి లాగుదురు, అది పోనుపోను సన్నమై పైన తెగిపోవును, చెట్టు బ్రదుకును. 1985లో అచ్చటి మీర్స్ ద్వీపమున అడవిని నరుకదలచిన కంపెనీకిని ఆదివాసులకును వ్యాజ్యము వచ్చి, న్యాయస్థానము నరకుటను నిలిపినపుడు, ఆ పాతమచ్చలు గల చెట్లును వారి వాడుకకు సాక్ష్యములుగా నిలిచెను. తమ పూర్వులు చేసిన గాయములనే చూపి, ఇది మేము కాచుకొన్న అడవి యని చెప్పగలిగిన జాతి ధన్యమైనది. మన చేతి గాయములలో ఎన్నింటిని మనమట్లు చూపగలము?

ఇక ధర్మవిచారమునకు వత్తము. బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు జనకుని సభలో మనుష్యుని వృక్షముతో అంగాంగముగా పోల్చెను. ఆకులను రోమములతోను, పైపట్టను చర్మముతోను, దానినుండి స్రవించు రసమును రక్తముతోను, లోపలి నారను స్నాయువుతోను, చేవను ఎముకలతోను సరిచూచెను. వింటివెన్నునకు ఒకదేశమువారు నరమును, మరియొకదేశమువారు నారను వాడుట ఆ పోలికను చేతితో చేసి చూపుటయే. మహాభారతమున శాంతిపర్వములో భృగుమహర్షి చెట్లకును ఇంద్రియజ్ఞానము కలదని భరద్వాజునకు యుక్తులతో చెప్పెను. మన కాలమునకు దగ్గరగా జగదీశచంద్రవసువు (1858–1937) మొక్కలు తాకిడికిని వేడికిని విద్యుత్స్పందనము చూపునని యంత్రములతో నిరూపించెను. అయినను మనకువలె మెదడును నాడులును లేని చెట్టునకు నొప్పి యనునది లేదని పలువురు శాస్త్రజ్ఞుల మతము. ఈ వివాదమును తీర్చు శక్తి మాకు లేదు. తీర్చవలసిన అవసరమును లేదు. మా గంగరావికి నొప్పి కలిగెనో లేదో యెట్లున్నను అది చచ్చినమాట నిజము. ఆ నీడ పోయినమాట నిజము. ధర్మమునకు ఆ మాత్రము చాలును.

ప్రతిసంవత్సరమును మేము శాకుంతలము చెప్పునపుడు నాల్గవ యంకమున మా కంఠము గద్గదమగుచుండును. అలంకారములయందు ప్రీతి యున్నను చెట్లమీది మమతచే చిగురైనను త్రుంపని శకుంతలను వర్ణించి బాలురకు భూతదయను బోధించుచుంటిమి. చెట్టు చచ్చిన యేడు ఆ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "ఆమె కట్టుకొన్నది నారచీరయే కదండీ! అది చెట్టునుండి వలిచినది కాదా?" అని యడిగెను. ఇన్నియేండ్లుగా ఆ నాటకమును చెప్పుచు మేము ఆ ప్రశ్న వేసికొనలేదు.

ఆలోచింపగా కవి పొరబడలేదని తోచినది. ఒడలు కప్పుకొనుట అవసరము. చెవిలో చిగురు పెట్టుకొనుట వేడుక. అవసరమునకు పట్టను గైకొన్న చేయి వేడుకకు చిగురునైనను ముట్టలేదు. పైగా ఆమె నారచీర కట్టిన ఆశ్రమముననే చెట్లకు నీరు పోయుచుండెను. తీసినచోటనే యుండి, తీసినదానికి నీరు పోయుట ఆమె ధర్మము. చెంచువృద్ధుడు "మళ్ళీ ఆడికే వస్తాం గదా" అన్న మాటకును దీనికిని మాకు భేదము కనబడలేదు. ఒకటి మహాకవి నాటకము. రెండవది మిరపకూలి మాట.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. విల్లు జంతువులను చంపు సాధనము. లేడి గుండెలో బాణము నాటువాడు చెట్టుపట్ట అరచేతి వెడల్పుకంటె మించి తీయలేదని మెచ్చుకొనుట హాస్యాస్పదము గాదా? ఆక్షేపణ బలమైనదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినది. నల్లమలలో పెద్దభాగము పులుల అభయారణ్యమైనది. నేడు చెంచులలో పలువురు కూలిపనులతోను అడవి పంటలతోను బ్రదుకుచున్నారు. ఆ చరిత్ర యట్లుండనిండు. వేటగాని మితము దయ కాదని మేమే యొప్పుకొనుచున్నాము. దయ వేరు, మితము వేరు. దయ హృదయమున పుట్టును. మితము చేతికి అలవడును. మాకు దయ యుండెను. శకుంతల కొరకు కన్నీరు విడిచితిమి. మితము తెలియక చెట్టును చంపితిమి. చేతికి మితము నేర్పని దయ పాఠ్యపుస్తకములలోనే యుండిపోవును.

రెండవ ఆక్షేపణ: అడవివారందరును మితమెరిగిన ఋషులా? కారు. తపసిచెట్టు బంకకు దూరదేశములలో వెల పెరిగినపుడు గొడ్డలితో లోతుగా నరికి బంక తీసి చెట్లను చంపినదియు అడవివారి చేతులే. తరువాత గిరిజన సహకార సంస్థవారును స్వచ్ఛంద సంఘములవారును చిన్నకత్తితో పైపట్టను మాత్రము కొద్దిగా చెక్కి బంక తీయు పద్ధతిని నేర్పగా, ఆ చేతులే ఆ పద్ధతిని నేర్చుకొనెను. కాబట్టి మంచితనము జాతిలో నున్నదనుట సరిగాదు. తాను తీసిన చెట్టుకడకు మరల రావలసినవాడు మితముగా తీయును. నేడు తీసి రేపు ఎచ్చటికో పోవువాడు, లేక నేను తీయకున్న మరియొకడు తీయునని భయపడువాడు చుట్టును వలుచును. 1882 నాటి మదరాసు అడవిచట్టము మొదలుకొని అడవిలోనివారు తమ యడవిలోనే పరులై, తీసినది దొంగసొత్తయ్యెను. రేపు తనదగునో కాదో తెలియనివానికి మితమును బోధించుట యెట్లు? 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్న అటవీ ఉత్పత్తులపై సంప్రదాయముగా వానిని సేకరించు అడవివాసులకు స్వామ్యమును ఒప్పుకొన్నది. ఆ హక్కు కాగితమునుండి చెట్టువరకును నడచుటయే పట్ట తీయుటలోని ధర్మమునకు మొదటి మెట్టని మా నమ్మకము.

ఇంతవరకును వ్రాసి, ఒకనాటి సాయంకాలము మా యింటిలో ఈ విషయమునే గొప్పగా చెప్పుచుంటిమి. తూర్పుకనుమలలో నరమామిడి యను చెట్టు కలదు. దాని పట్ట పొడి తడిపిన జిగటగ నుండును; అగరువత్తులలో సుగంధద్రవ్యమును పుల్లకు పట్టించుటకు వాడుదురు. పట్టకై చుట్టును వలుచుటచేతను నరకుటచేతను ఆ చెట్టు మన యడవులలో అరుదైనదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ సంగతి చెప్పుచు అడవులలోని కంట్రాక్టర్లను నిందించుచుండగా, దేవునియెదుట దీపము పెట్టుచున్న మా యింటియామె చేతిలోని వత్తిని వెలిగింపక ఆగి, "పిల్లలు వలిచిన చెట్టును రోజూ చూసి బాధపడుతున్నారు గదా! ఈ వత్తి కోసం వలిచిన చెట్టును మనలో ఎవరు చూశారండీ?" అనెను.

ఆ వత్తి నరమామిడి పట్టతో చేసినదో, వేరొకదానితో చేసినదో ఆమెకు తెలియదు. మాకును తెలియదు. తెలియకపోవుటయే ఆమె ప్రశ్నలోని సారము. బాలురు వలిచిన చెట్టు మా కన్నులయెదుట ఎండినది గనుక మేము సిగ్గుపడితిమి. అంగడిలో వెలయిచ్చి కొన్నదానికై ఎండిన చెట్టు కానరాదు గనుక సిగ్గు లేదు. చెంచువృద్ధుడు తీసినచోటికి మరల పోవును. మేము తీసినచోటికి ఒకసారియైనను పోము. మా చేతిలో గొడ్డలి లేదనుకొంటిమి. అది డబ్బురూపమున మా జేబులోనే యున్నది. మిరపకూలివాని సంగతియు నంతియే. అతడు కోసిన మిరపకాయ ఏడాది పొడుగున మా కూరలో నుండును. అతని గుడిసె రెండునెలలు మాత్రమే మా కంటబడును.

విలుకాడు వింటిని ఎక్కుపెట్టునపుడు అతని కంటికెదురుగా నుండునది వింటి కడుపు. భారమంతయు మోయు వెన్ను అతనికి కనబడదు. అది విరిగినప్పుడే దాని సంగతి తెలియును. మన గృహములును అట్లే వంగియున్న విండ్లు. మనకు కనబడునది సుఖము. సాగుచున్నవారు అవతలివైపున నున్నారు.

అందుచేత అన్నియు మానివేసి ఆకులలములు తినుడని మేము చెప్పరాలేదు. అట్లు చెప్పుట సులభము, చేయుట అసాధ్యము, చేసినను చెట్టునకు మేలు కలుగదు. వాడుకలేని చెట్టును ఈ కాలమున ఎవరును కావరు. మేము చెప్పదలచినది మూడు మాటలు. అవసరమును వేడుకనుండి వేరుచేయుట. తీసినది ఎక్కడిదో కనుగొని, కన్నులతో చూడజాలనప్పుడు అడిగియైనను తెలిసికొనుట. అక్కడనే యుండి మరల మరల తీయవలసినవానికి హక్కును తగిన వెలయు దక్కునట్లు చూచుట. మొదటిది ఇంటిలోనిది. రెండవది అంగడిలోనిది. మూడవది రాజ్యములోనిది. సంస్కరణమన సభలలో చేయు ఉపన్యాసమని తలంచు మాబోటివారికి మొదటిదియే కష్టమని అనుభవమున తెలిసినది. మా యింట ఇపుడు వత్తి దినదినమును వెలుగదు. పర్వదినములందు మాత్రము వెలుగును. దేవుడు కోపించిన సూచనలు లేవు. అంగడివానిని ఇది దేనితో చేసినదని అడుగుట మానలేదు, అతడు చెప్పలేకున్నాడు. పదిమంది అడిగిననాడు కనుగొని చెప్పునేమో.

బడిలో ఇపుడు విండ్లు చేయు పాఠము మానలేదు. వెన్నుకట్టునకు నార తీయుట మొదట నేర్పి, విల్లు వంచుట తరువాత నేర్పుచున్నాము. జిల్లేడు కొమ్మను కోసి నార తీయుదురు. మర్రియూడను అడిగి తెచ్చుకొందురు. అరచేతి కొలతను ప్రతిబాలుడును ఎరుగును.

ఎండిన గంగరావిని కొట్టివేయింతమని కొందరనిరి. మేము వలదంటిమి. తొలకరి పడినపిమ్మట, వలిచినచోటికి క్రిందుగా, మోకాలెత్తుకు తక్కువలో, ప్రక్కనుండి రెండు చిగుళ్ళు పుట్టెను. మొదటిదానిని మేకలు మేసెను. రెండవదానికి బాలురు తుమ్మకంప తెచ్చి కట్టిరి. అది నీడనిచ్చుటకు ఇంకను పది యేండ్లు పట్టవచ్చును. అప్పటికి కంప కట్టిన బాలురు బడిలో నుండరు. అయినను వారిలో నొకడు దినదినమును చెంబుతో నీరు పోయుచున్నాడు. మొదట పట్ట వలిచినవారిలో వాడును ఒకడు.